రీస్టార్ట్ కొట్టే ముందు రెండు నిమిషాలు

మన కాలేజీలో ల్యాప్‌టాప్ మూత తెరిచాక ఏ తేడా వచ్చినా అందరి దగ్గరా ఉన్న మందు ఒక్కటే. రీస్టార్ట్ చెయ్. వైఫై రావట్లేదా, రీస్టార్ట్. టచ్‌ప్యాడ్ బిగుసుకుపోయిందా, రీస్టార్ట్. సౌండ్ లేదా, ఇయర్‌బడ్స్ కనెక్ట్ అవట్లేదా, రీస్టార్ట్. స్క్రీన్ నల్లగా ఉండి ఫ్యాన్ మాత్రం తిరుగుతోందా, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. సీనియర్లు జూనియర్లకి చెప్పేది ఇదే, ల్యాబ్‌లో చెప్పేదీ ఇదే, రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే వాళ్ళు మొదట అడిగేదీ ఇదే. పైగా పని అవుతుంది. నా గొడవ అక్కడే. పని అయిపోయింది కాబట్టి ఏం జరిగిందో ఎవరూ చూడరు. మర్నాడు మూత తెరిస్తే మళ్ళీ అదే కథ.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మనమైనా సరే, నిద్రలేచిన ల్యాప్‌టాప్ మొరాయిస్తే వెంటనే రీస్టార్ట్ కొట్టడం మానేయాలి. ఓ రెండు నిమిషాలు ఆగాలి. ఏ డ్రైవర్ ఎక్కడ ఇరుక్కుందో, ఏ చిప్ పలకడం మానేసిందో, ఆ వివరం చాలావరకు ఆ క్షణాన ర్యామ్‌లోనే ఉంటుంది. రీస్టార్ట్ కొడితే అది పోతుంది. దొంగలు పడ్డ ఇంటిని శుభ్రంగా కడిగి, గుమ్మంలో ముగ్గు కూడా వేసి, ఆ తర్వాత పోలీసుల్ని పిలిచినట్టుంటుంది మన పద్ధతి. ఆధారం లేనప్పుడు ఎవరేం చెప్తే అదే నిజం. అక్కడి నుంచి అమ్మానాన్నల డబ్బు ఖర్చవడం మొదలవుతుంది. ఆ సంగతికి వస్తాను.

ముందు అసలు ఆ నిద్ర ఏంటో చూద్దాం. తెలుగు పేపర్ చదివేవాళ్ళకి సస్పెండ్ అనగానే లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగి గుర్తొస్తాడు. పోలిక మరీ దూరం కాదు లెండి. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరేసరికి కుర్చీ ఇంకో గదిలో ఉంటుంది, ఫైళ్ళు ఇంకో బీరువాలో ఉంటాయి, కంప్యూటర్ పాస్‌వర్డ్ మారిపోయి ఉంటుంది. మన ల్యాప్‌టాప్‌లో భాగాలకి కూడా దాదాపు అదే అవస్థ.

ఈ నిద్రకి రూల్స్ రాసినది ఏసీపీఐ అనే ప్రమాణం. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో తెచ్చాయి. మెషిన్ మొత్తానికి ఎస్0 నుంచి ఎస్5 దాకా స్థితులు, ఒక్కో పరికరానికి విడిగా డీ0 నుంచి డీ3 దాకా స్థితులు. ఎస్0 అంటే పూర్తి మెలకువ. ఎస్5 అంటే ఆపేయడం. ఎస్4 మనం హైబర్నేట్ అనేది, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పడుకోవడం. మనం ఏళ్ళ తరబడి స్లీప్ అంటున్నది ఎస్3. అందులో దాదాపు అన్నిటికీ కరెంటు తీసేసి ర్యామ్‌కి మాత్రం ఇస్తారు. ర్యామ్‌కి మతిమరుపు ఎక్కువ, సుమారు 64 మిల్లీసెకన్లకోసారి దాన్ని రీఫ్రెష్ చెయ్యకపోతే ఉన్నది మర్చిపోతుంది. ఎస్3లో ఆ రీఫ్రెష్ పని ర్యామ్ తనే చేసుకుంటూ ఉంటుంది. మీరు క్యాంటీన్‌కి వెళ్ళి వచ్చేసరికి రాస్తున్న ప్రోగ్రామ్ రాస్తున్న చోటే ఉండటానికి కారణం అదే.

లినక్స్‌లో మూత వెయ్యగానే జరిగే క్రమం ఇది. ముందు మనం వాడే ప్రోగ్రాములన్నిటినీ ఉన్నచోట బిగించేస్తుంది. తర్వాత పరికరాలని ఒక్కొక్కటిగా పడుకోబెడుతుంది, పిల్లల్ని ముందు, పెద్దల్ని తర్వాత. అంటే యూఎస్‌బీకి గుచ్చిన మౌస్ ముందు, ఆ యూఎస్‌బీ కంట్రోలర్ తర్వాత. ఆ పైన ఒక్కటి తప్ప మిగతా ప్రాసెసర్ కోర్లన్నీ ఆపేస్తుంది. చివరికి ఫర్మ్‌వేర్‌కి అప్పగించి తనూ ఆగిపోతుంది. లేచేటప్పుడు ఇదంతా తలకిందులుగా జరగాలి. పెద్దలు ముందు లేవాలి, పిల్లలు తర్వాత.

చిక్కంతా లేచేటప్పుడే. కరెంటు తీసేసిన చిప్ లోపల సెట్టింగులు ఏమీ మిగలవు. నువ్వు వైఫై కార్డువి, నీ ఫర్మ్‌వేర్ ఇది, నీ ఛానెల్ ఇది అని డ్రైవర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. డ్రైవర్‌కేమో నిద్రపోయినట్టే తెలియదు, ఇప్పుడే కదా మాట్లాడుకున్నాం అనుకుంటుంది, ఎందుకంటే దాని జ్ఞాపకం ర్యామ్‌లో భద్రంగా ఉంది. ఒకరికి అంతా గుర్తుంది, ఇంకొకరికి ఏమీ గుర్తు లేదు. మన క్లబ్‌లో స్త్రీల రామాయణపు పాటల గురించి మాట్లాడుకున్న రోజు నాకు ఇదే తట్టింది. ఊర్మిళాదేవి నిద్ర పాటలో పద్నాలుగేళ్ళు పడుకుని లేచిన ఊర్మిళ, ఎదురుగా ఉన్న లక్ష్మణుణ్ణి గుర్తుపట్టదు. ఎవరో పరాయివాడు గదిలోకి వచ్చాడనుకుని భయపడుతుంది, మందలిస్తుంది. లక్ష్మణుడు తనెవరో చెప్పుకుని నమ్మించుకోవాల్సి వస్తుంది. డ్రైవర్ రాసేవాళ్ళు రెజ్యూమ్ ఫంక్షన్‌లో చెయ్యాల్సింది సరిగ్గా అదే. చాలామంది ఆ భాగం తొందరలో రాస్తారు. బూట్ అవడం అందరూ పరీక్షిస్తారు. మూత వేసి, మూడు గంటలాగి, ఛార్జర్ పీకేసి, వేరే మానిటర్ తగిలించి తెరిస్తే ఏమవుతుందో పరీక్షించే ఓపిక ఎంతమందికుంటుంది చెప్పండి.

ఇందులోంచి ఒక తీర్మానం వస్తుంది, ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇది పెట్టుకోండి. పూర్తిగా ఆపి ఆన్ చేసినప్పుడు ప్రతిసారీ చక్కగా పనిచేసే భాగం, నిద్ర లేచినప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే, ఆ భాగం చెడిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. తప్పు డ్రైవర్‌లోనో, ఫర్మ్‌వేర్‌లోనో, ఆ రెండిటి మధ్య ఒప్పందంలోనో ఉంటుంది. దీనికి మినహాయింపులున్నాయి. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, నీరసించిపోయినా, ర్యామ్ స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోయినా నిద్రలో తేడా చెయ్యొచ్చు. కానీ అవి మామూలు వాడకంలో కూడా ఏదో ఒక రోజు బయటపడతాయి. ఉబ్బిన బ్యాటరీ అయితే లాగులూ గీగులూ చూడకండి, ముందు వాడటం ఆపండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మా హాస్టల్‌లో ఒక ఫస్టియర్ అమ్మాయి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వాడుతుంది. ఉబుంటూ, విండోస్ రెండూ ఉన్నాయి. ఉబుంటూలో మూత వేసి తెరిస్తే టచ్‌ప్యాడ్ కదలదు. కీబోర్డ్ బాగానే ఉంటుంది, బయటి మౌస్ పెడితే అదీ పనిచేస్తుంది. ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి, బోర్డ్ ప్రాబ్లమ్, 6,500 అవుతుంది అన్నారట. వాళ్ళ నాన్న అప్పటికే హాస్టల్ ఫీజు రెండో వాయిదా కోసం తిరుగుతున్నారు. "అక్కా, ఇంటికి ఫోన్ చేసి చెప్పమంటావా, ఆగమంటావా?" అని అడిగింది.

ఆగమన్నాను. ఆ అమ్మాయి చేత పది సార్లు పూర్తిగా ఆపి ఆన్ చేయించాను, పదిసార్లూ టచ్‌ప్యాడ్ పనిచేసింది. బోర్డ్ పోయి ఉంటే అది అంత మర్యాదగా ఉండదు. తర్వాత మూత వేసి తెరిచి, టచ్‌ప్యాడ్ బిగుసుకున్న స్థితిలోనే, రీస్టార్ట్ చెయ్యకుండా, సుడో డీమెసేజ్ కొట్టాం. (కమాండ్లని పలికినట్టే రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు అక్షరాలు మార్చుకోండి.) చివరి లైన్లలో ఐటూసీ హిడ్ డ్రైవర్ ఒక కంప్లైంట్ రాసి ఉంది, పరికరాన్ని రీసెట్ చెయ్యలేకపోయాను అని. అంతే, దొరికిపోయింది. ఆ డ్రైవర్ మాడ్యూల్‌ని మాడ్‌ప్రోబ్ మైనస్ ఆర్‌తో తీసేసి, మాడ్‌ప్రోబ్‌తో మళ్ళీ ఎక్కించాం. బాణం కదిలింది. ఆ పిల్ల కేక విని పక్క రూమ్ వాళ్ళు వచ్చారు.

ప్రతిసారీ చేత్తో కొట్టక్కర్లేదు. సిస్టమ్‌డీకి సిస్టమ్ స్లీప్ అనే ఫోల్డర్ ఒకటుంది, యూఎస్ఆర్ లిబ్ లోపల సిస్టమ్‌డీలో. అందులో పెట్టిన స్క్రిప్ట్‌ని నిద్రకి ముందు ప్రీ అనే మాటతో, లేచాక పోస్ట్ అనే మాటతో పిలుస్తుంది. పోస్ట్ వచ్చినప్పుడు ఆ మాడ్యూల్ తీసి పెట్టమని నాలుగు లైన్లు రాసి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇస్తే సరిపోయింది. ఖర్చు సున్నా. ఇది అతుకు మాత్రమేనని నాకూ తెలుసు. అసలు రిపేరు డ్రైవర్‌లోనో బయాస్‌లోనో జరగాలి, అందుకే ఆ లాగ్ జతచేసి బగ్ రిపోర్ట్ కూడా పెట్టించాను. కానీ ఈ సెమిస్టర్ ఆ అమ్మాయికి కావలసింది కదిలే బాణం, అది వచ్చింది.

షాపు వాళ్ళని నేను దొంగలు అనను. వాళ్ళకి ఒక్కో మెషిన్ మీద పది నిమిషాలే ఉంటుంది. బోర్డ్ మారిస్తే కొత్త బోర్డ్, కొత్త ఫర్మ్‌వేర్ వచ్చి ఆ సమస్య పోవచ్చు కూడా, వాళ్ళ దృష్టిలో రోగ నిర్ధారణ సరైనదే. మన దగ్గర ఒక లైన్ లాగ్ ఉంటే మాట తీరు మారుతుంది. "టచ్‌ప్యాడ్ పోయిందన్నా" అని వెళ్ళేవాళ్ళకి, "ఎస్3 నుంచి లేచాక ఐటూసీ రీసెట్ ఫెయిల్ అవుతోందన్నా, బయాస్ అప్‌డేట్ ఏమైనా ఉందా" అని వెళ్ళేవాళ్ళకి ఒకే రేటు చెప్పరు.

సరే, అన్ని కేసులూ ఇంత సులువుగా ఉండవు. స్క్రీన్ నల్లగా ఉండిపోయినప్పుడు డీమెసేజ్ ఎక్కడ కొడతాం? అప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే, కెర్నల్ బతికుందా లేదా. క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే కెర్నల్ బతికే ఉంది, డిస్‌ప్లే ఒక్కటే లేవలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడండి, ఒక్కోసారి టెక్స్ట్ స్క్రీన్ వస్తుంది. ముందే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ వేసుకుని ఉంటే ఫోన్‌లోంచి లాగిన్ అయి లాగ్ చూడొచ్చు. నల్ల స్క్రీన్ ముందు కూర్చుని ఫోన్‌లో ఆ స్క్రీన్ ఎందుకు నల్లగా ఉందో చదవడం, నిజం చెప్తున్నా, మంచి థ్రిల్.

కెర్నల్ బతికుంటే పవర్ బటన్ మీద పడొద్దు. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎస్, యూ, బీ ఒకదాని తర్వాత ఒకటి కాస్త ఆగుతూ నొక్కితే, డిస్క్ మీదికి రాయాల్సింది రాసి, డిస్క్‌ని రీడ్ ఓన్లీ చేసి, అప్పుడు రీబూట్ అవుతుంది. ఉబుంటూలో ఈ మూడూ మామూలుగానే ఆన్ అయి ఉంటాయి. లేచాక జర్నల్‌సీటీఎల్ మైనస్ కే మైనస్ బీ మైనస్ 1 అంటే కిందటి బూట్ తాలూకు కెర్నల్ లాగ్ ఇస్తుంది. అందులో సస్పెండ్ ఎంట్రీ అనే లైన్ ఉండి సస్పెండ్ ఎగ్జిట్ అనే లైన్ లేకపోతే, మెషిన్ దారి మధ్యలో ఎక్కడో ఆగిపోయిందన్నమాట.

ఆ దారి మధ్యలో ఎక్కడో తెలుసుకునే ఉపాయం ఒకటుంది, నాకు కంప్యూటర్ సైన్స్‌లో అత్యంత ఇష్టమైన వాటిలో అదొకటి. లేస్తూ లేస్తూ మెషిన్ పూర్తిగా బిగుసుకుపోయిందనుకోండి. స్క్రీన్ ఇంకా లేవలేదు, అక్కడ రాయలేం. డిస్క్ లేవలేదు, అక్కడా రాయలేం. నెట్‌వర్క్ లేదు. ర్యామ్‌లో రాస్తే పవర్ బటన్ నొక్కగానే పోతుంది. మరి చనిపోయే ముందు కెర్నల్ తన ఆఖరి మాట ఎక్కడ రాయాలి? ఇంత గందరగోళంలోనూ విలువ చెదరకుండా ఉండేది మెషిన్‌లో ఒకే ఒక్క చోటు, గడియారం. ఆపేసినా తేదీ, టైమ్ నడుస్తూ ఉండే ఆ రియల్ టైమ్ క్లాక్. లినస్ టోర్వాల్డ్స్ 2006లో రాసిన పీఎం ట్రేస్ చేసేది ఇదే. పరికరాలని లేపుతూ ఒక్కో మెట్టు దగ్గర, ఇప్పుడు ఏ పరికరం దగ్గరున్నానో ఒక హ్యాష్‌గా చేసి, దాన్ని తేదీగా, గంటలుగా, నిమిషాలుగా మార్చి గడియారంలో రాసేస్తుంది. మెషిన్ బిగుసుకుంటే మనం ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం. కెర్నల్ ఆ పిచ్చి తేదీని చదివి, విడదీసి, హ్యాష్ ఫలానా పరికరంతో కలిసింది అని డీమెసేజ్‌లో చెప్తుంది. గడియారం ఆగదు కాబట్టి మూడు నిమిషాల్లోపు ఆన్ చేసెయ్యాలి, లేకపోతే రాసిన మాట చెరిగిపోతుంది. పని అయ్యాక తేదీ సరిచేసుకోవడం మర్చిపోకండి, లేదంటే బ్రౌజర్ ప్రతి సైట్‌కీ సర్టిఫికెట్ తప్పంటుంది. హ్యాష్ కాబట్టి ఒక్కోసారి ఒకటికి మించి పేర్లు కూడా కలుస్తాయి, అప్పుడు రెండు మూడు సార్లు చేసి చూసుకోవాలి.

వాడటానికి సిస్ ఫోల్డర్‌లో పవర్ కింద ఉన్న పీఎం ట్రేస్ అనే ఫైల్‌లో రూట్‌గా 1 అని రాసి మూత వెయ్యడమే. ఆ పక్కనే మెమ్ స్లీప్ అనే ఇంకో ఫైల్ ఉంటుంది. చదివితే ఎస్‌టూఐడిల్, డీప్ లాంటి మాటలు వస్తాయి, బ్రాకెట్‌లో ఉన్నది మీ మెషిన్ ఇప్పుడు వాడుతున్నది. డీప్ అంటే ఎస్3. ఎస్‌టూఐడిల్ మాత్రమే ఉంటే మీది కొత్త రకం నిద్ర.

ఈ కొత్త రకం నిద్ర మీద నాకు కోపం ఉంది, చెప్పేస్తాను. విండోస్ 8 కాలంలో కనెక్టెడ్ స్టాండ్‌బైగా మొదలై, విండోస్ 10 నాటికి మోడర్న్ స్టాండ్‌బై అయింది. ఫోన్ లాగా వెంటనే లేవాలి, పడుకుని ఉన్నా మెయిల్ రావాలి అనేది ఆలోచన. ఇందులో మెషిన్ ఎస్0 వదలదు, అంటే మెలకువగానే ఉండి కళ్ళు మూసుకుంటుంది. ప్రతి పరికరం తనంత తాను తక్కువ కరెంటుకి దిగాలి. ఒక్కటి దిగకపోయినా బ్యాగులో ల్యాప్‌టాప్ వేడెక్కి, ఊరెళ్ళేసరికి బ్యాటరీ ఖాళీ. ఆలోచన మంచిదే కావచ్చు. కానీ చాలా కొత్త మోడళ్ళలో ఎస్3ని పూర్తిగా తీసేశారు, ఎంచుకునే వీలే ఉంచలేదు. 2018లో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరం ఎస్3 లేకుండా వచ్చింది. లినక్స్ వాడేవాళ్ళు ఏసీపీఐ టేబుల్ని తామే మార్చుకుని ఎస్3 తెచ్చుకున్నారు. ఆ తర్వాత అదే ఏడాది కంపెనీ బయాస్ అప్‌డేట్‌లో స్లీప్ స్టేట్ అనే ఎంపిక ఇచ్చింది, విండోస్ 10 అని ఒకటి, లినక్స్ అని ఒకటి. అంటే ఇవ్వడం సాధ్యమే. అడిగేవాళ్ళు, ఏం కావాలో పేరు పెట్టి అడగగలిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇచ్చారు. రీస్టార్ట్ కొట్టుకుంటూ పోయేవాళ్ళు మాత్రమే ఉండి ఉంటే, సమస్య ఉన్నట్టే కంపెనీకి తెలిసేది కాదు.

విండోస్ మాత్రమే వాడేవాళ్ళు ఇదంతా మాకు కాదులే అనుకోవద్దు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొడితే మీ మెషిన్‌లో ఏ నిద్రలున్నాయో చెప్తుంది. స్లాష్ లాస్ట్‌వేక్ అంటే కిందటిసారి ఎవరు లేపారో చెప్తుంది. మోడర్న్ స్టాండ్‌బై ఉన్నవాటిలో స్లాష్ స్లీప్‌స్టడీ అంటే నిద్రలో ఎవరు ఎంత కరెంటు తిన్నారో ఒక వెబ్ పేజీలా రిపోర్ట్ ఇస్తుంది. లేచాక వైఫై పోతుంటే డివైస్ మేనేజర్‌లో ఆ కార్డ్ మీద పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉందేమో చూడండి. కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్ ఉంటుంది, అది తీసేసి ఓ రెండ్రోజులు గమనించండి. ఒక్కటి మార్చండి, గమనించండి. ఒకేసారి ఐదు మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు.

రెండు ఓఎస్‌లూ ఉన్నవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్ అయి ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ విండోస్ కెర్నల్ హైబర్నేట్ అవుతుంది. మనం ఆపేశామనుకుంటాం, అది పడుకుంది. అప్పుడు లినక్స్‌లోకి వెళ్తే విండోస్ డ్రైవ్ రాయడానికి ఒప్పుకోదు, కొన్నిసార్లు వైఫై కార్డ్ విండోస్ వదిలేసిన స్థితిలోనే ఉండి లినక్స్ డ్రైవర్‌కి పలకదు. చిత్రం ఏంటంటే, విండోస్‌లో రీస్టార్ట్ మాత్రం నిజంగానే మొత్తం ఆపి మొదలుపెడుతుంది. ఆపి ఆన్ చేస్తే పోని జబ్బు రీస్టార్ట్ చేస్తే పోవడం చాలామంది చూసే ఉంటారు. రీస్టార్ట్‌కి ఇంత పేరు రావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఏమంటారో తెలుసు, మా రూమ్మేట్ రోజూ అంటుంది. రేపు ఎక్స్‌టర్నల్, రాత్రి పదకొండున్నర, అసైన్‌మెంట్ అప్‌లోడ్ అవ్వాలి, ఇప్పుడు కూర్చుని లాగ్ చదవాలా? అక్కర్లేదు. రీస్టార్ట్ కొట్టు తల్లీ. మరీ ఆ టైమ్‌లో కూడా రెండు ముక్కలు రాసుకోగలిగితే చాలు, ఎన్ని గంటలు పడుకుంది, ఛార్జర్ ఉందా లేదా, లేచాక ఏది పనిచెయ్యలేదు. కిందటి బూట్ లాగ్ మర్నాడు కూడా ఉంటుంది. అసలు నేను ఒప్పుకోనిది రెండో వాదన, ఇది హార్డ్‌వేర్ వాళ్ళ పని, మనది కోడింగ్ అనేది. టచ్‌ప్యాడ్‌ని లేపలేనిది సీ భాషలో రాసిన ఒక ఫంక్షన్. అది కోడింగ్ కాకపోతే మరేది కోడింగో నాకు తెలీదు. ప్లేస్‌మెంట్ కోసం మనం లింక్డ్ లిస్ట్‌ని తిరగెయ్యడం వందసార్లు ప్రాక్టీస్ చేస్తాం. కెర్నల్ తన పరికరాల లిస్ట్‌ని పడుకునేటప్పుడు చివరి నుంచి, లేచేటప్పుడు మొదటి నుంచి నడిపే చోటుని ఒక్కసారి కూడా తెరిచి చూడం.

అందుకే నాదొక ప్రతిపాదన. మన ఓఎస్ ల్యాబ్ రికార్డులో ఎఫ్‌సీఎఫ్‌ఎస్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ ఆల్గారిథమ్ ఉన్నాయి. ఉండనివ్వండి. ఇంకొక్క ఎక్స్‌పెరిమెంట్ చేర్చమని మేడమ్‌ని అడుగుదాం. పీఎం టెస్ట్ అని, ఇందాకటి పవర్ ఫోల్డర్‌లోనే ఇంకో ఫైల్. అందులో ఫ్రీజర్ అని రాసి సస్పెండ్ చేస్తే ప్రోగ్రాముల్ని మాత్రం బిగించి, ఐదు సెకన్లాగి, వదిలేస్తుంది. డివైసెస్ అని రాస్తే పరికరాలని కూడా పడుకోబెట్టి లేపుతుంది. ఆ పైన ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. మెట్టు మెట్టుగా వెళ్ళి ఏ మెట్టు దగ్గర బోల్తా పడిందో చూడొచ్చు. నిజంగా నిద్రపోవక్కర్లేదు కాబట్టి ల్యాబ్ మెషిన్లకి పెద్ద ప్రమాదమూ లేదు, సేవ్ చేసుకుని మొదలుపెడితే చాలు. మెషిన్ నిద్రకే పోకుండా వెనక్కి వచ్చేస్తుంటే సస్పెండ్ స్టాట్స్ అనే ఫోల్డర్‌లో చివరగా ఫెయిల్ అయిన పరికరం పేరు కూడా దొరుకుతుంది. గంటన్నర చాలు, కొత్త సామాను ఏమీ కొనక్కర్లేదు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకున్నా సరే. ఎయిమ్, ప్రొసీజర్ అందరికీ ఒకటే వస్తాయి. అవుట్‌పుట్ దగ్గర మాత్రం ఎవరి మెషిన్ తాలూకు లైన్లు వాళ్ళవే, పక్కవాళ్ళ రికార్డులోంచి ఎక్కించుకోవడం కుదరదు.